ఇనుపవంతెనకు త్రుప్పు

గడచిన వేసవిలో మేము విద్యార్థులతో గూడి రాజమహేంద్రవరపు హేవ్‌లాక్ వంతెన నమూనాను అట్టతో జేసితిమి. 1900లో తెరువబడి, 1997లో రైళ్లు నిలిచిపోయిన యా వంతెనకు 56 అంకణములు. మాకు సాగినవి మూడే. నల్లరంగుపై ఎర్రమట్టిరంగును అంతటను సమముగా బూసి, త్రుప్పు కుదిరినదని మురిసితిమి. శిక్షణ కళాశాలలో బొమ్మలు గీయ నేర్చిన గర్వ మొకటి! ఒక బాలుడు మాత్రము తన భాగమున రివెట్ల క్రిందనే సన్నని చారలు దీసెను. పని సగములో విడిచినాడని గద్దించితిమి.

"మాష్టారూ, నీరు నిలుచుచోటనే కదండీ త్రుప్పు పట్టును!" అని వాడు మెల్లగా ననెను.

మరునాడు గోదావరి గట్టునకు బోయి చూచితిమి. అతుకులయొద్ద ముదురు గోధుమవన్నె, అచ్చటినుండి క్రిందికి జారిన చారలు, తక్కినచోట పాతరంగే. తిరిగి వచ్చి, మా భాగమును మరల నల్లగా బూసి, త్రుంచిన స్పంజితో అతుకులయొద్దనే రంగద్ది, అంచులకు పెన్సిలుపొడి రుద్దితిమి. అట్టకు ఇనుపమెరుపు వచ్చినది. ఆ బాలునితో నీవన్నదే సరియని చెప్పుటకు మాత్రము మాకు వారము పట్టినది.