వర్ధన్నపేటలో నూలంగీ

ఉగాది వెళ్లిన వారానికి నేను వర్ధన్నపేట వెళ్లాను. వెళ్లానని చెప్పడం తేలికే గాని, ఆ ప్రయాణం పదకొండేళ్లుగా వాయిదా పడుతూ వచ్చింది. అక్కడ వున్నది పరాయివాళ్లు కాదు, నా సొంత అక్కయ్య. పిలిచినప్పుడల్లా, "అమ్మో, మీ ఓరుగల్లు ఎండలు నా వల్ల కావే" అని తప్పించుకునేదాన్ని. ఢిల్లీలో కాపురమున్న మనిషి ఎండల మాట ఎత్తడమేమిటని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. కొన్నాళ్లకు పిలవడమే మానేసింది.

ఈసారి పిలిచింది అక్కయ్య కూతురు. "చిన్నమ్మా, నాకు బిడ్డ పుట్టింది. ఇరవైయొక్కటో నాడు తొట్లెల వేస్తున్నం. నువ్వు రాకుంటె అమ్మ ఏమనదు. ఏమనదనే నా బాధ" అన్నది ఫోనులో. ఆ మాట తిన్నగా వచ్చి తగిలింది.

ఒట్టి చేతులతో వెళ్లలేను గదా! ఢిల్లీ చలికాలం మధ్యాహ్నాల్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లతో ఎండలో కూర్చుని అల్లిన అనుభవం నాకు చాలానే వుంది. నిజానికి నా చేతికి మొదట సూదులిచ్చింది అక్కయ్యే. తను బడిలో నేర్చుకుని వచ్చి, చీపురుపుల్లలతో నాకు కుట్లు వేయడం నేర్పింది. అందుచేత పది రోజులు కూర్చుని పాపకు గులాబిరంగు ఊలు స్వెట్టరు, టోపీ, మేజోళ్లు అల్లాను. అవి చూస్తే అక్కయ్య మనసు కరుగుతుందని ఆశ.

వరంగల్లులో ఖమ్మం వైపు బస్సెక్కితే సుమారు 30 కిలోమీటర్లు. మామునూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా చేలు. పత్తి ఏరడం అయిపోయింది; పీకిన పత్తికట్టె కుప్పలుగా పడివుంది. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు కళ్లలో గుచ్చుకుంటూంది. ఐనవోలు మల్లన్నగుడికి మళ్లే దారి దగ్గర ఒక ముసలాయన ఎక్కి నా ముందు సీటులో కూర్చున్నాడు. ఆ ఎండలో ఆయన భుజాన నల్ల గొంగడి!

"ఉక్క పోయదా తాతా?" అన్నాను.

"ఒంటికి చుట్టుకుంటెనే గద బిడ్డా ఉక్క. భుజాన వేసుకుంటె ఏమున్నది? ఎండైతె నెత్తిన కప్పుకుంట, కూసుంటె కింద పరుచుకుంట" అన్నాడు.

నల్లగొర్రె ఉన్నిని చేత్తో వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసే గొంగడి అది. మల్లన్న జాతర అంటే గొర్లకాపరులకు ఇంటిపండుగ. సంక్రాంతికి మొదలై ఉగాదిదాకా సాగుతుంది. అయితే ఉన్నికి ఇక్కడ మర్యాద వుందన్నమాట అనుకుని, నా సంచీని మరింత గట్టిగా పట్టుకున్నాను. ఆయన చెప్పిన మొదటి మాట నా చెవికెక్కలేదు.

ఆకేరువాగులో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ కనిపించింది. కోనారెడ్డి చెరువు మీంచి వచ్చే గాలి కూడా పొయ్యి దగ్గరి గాలిలాగే వుంది. అక్కయ్య గడపలో ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది, కుండనీళ్లు తాగమన్నది. "బాగున్నవా?" అంది. అంతే.

సంచీ విప్పాను. స్వెట్టరు అటూ ఇటూ తిప్పిచూసింది. "కుట్టు సమంగ పడ్డదే" అంటూనే, వేపాకు వేసి ట్రంకుపెట్టెలో పెట్టేసింది. "పూసమాసంల తొడుగుదాం."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్ల కోపం ఇలా తీర్చుకుంటూందనుకున్నాను.

ఆ రాత్రి కరెంటు పోయింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. దీపం దగ్గరికి తెచ్చి చూస్తే మెడ మడతల్లో, చంకల్లో ఎర్రగా చెమటకాయలు. అక్కయ్య విసనకర్ర పట్టుకుని తెల్లవార్లూ తొట్లె పక్కన కూర్చున్నది. నా స్వెట్టరు సంగతి నాకు అప్పుడు అర్థమైంది. బజారులో ఊలని అమ్మే దారం చాలామట్టుకు అక్రిలిక్, చెమట పీల్చుకోదు. మంచి ఉన్నయినా ఈ ఎండలో పసిదాని ఒంటికి అంటిపెట్టుకుని వుండే వస్తువు కాదు. బస్సులో తాత చెప్పింది అదే గదా!

తెల్లవారాక, "నూలుతో అల్లుతానక్కా" అన్నాను. పూలు కట్టుకోవడానికి కొత్తవాడనుంచి తెప్పించుకున్న తెల్లనూలు చిలపలు తీసి ఇచ్చింది. వరంగల్లులో 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు మూతబడి చాలా ఏళ్లయింది గాని, జంపఖానాలు నేసే కొత్తవాడ పేరు నిలిచేవుంది. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను సన్ననూలు నాలుగు పోగులు కలిపి, 12 నంబరు సూదులతో, ఊలు నమూనా ప్రకారమే దగ్గర దగ్గరగా అల్లేశాను. అంచుకు సాగే పట్టీ కూడా వేశాను. ఉతికి దండెం మీద వేశాను.

సాయంత్రానికి అది మూడేళ్ల పిల్లకు సరిపోయేంత కిందికి జారింది!

అక్కయ్య దాన్ని చేతిలోకి తీసుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేకపోయింది. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఇద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

"ఊలు సాగితే మళ్ల ముడుచుకుంటది. నూలు సాగితే సాగినట్టే" అంటూ పక్కన కూర్చుని దారం విప్పసాగింది. "నరసాపురంల ఆడోళ్లు నూలుతోనే గద లేసు అల్లేది! సొగసంత చిల్లులల్లనే ఉంటది. మనకు గాలి కూడ అండ్లకెళ్లే రావాలె." ఆవిడ కంట్లో పొర వచ్చింది. అయినా వేలికొసలతో తడిమి కుట్లు లెక్కపెట్టింది. నమూనా ఆవిడది, చేతులు నావి. పాఠకురాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నాలుగంగుళాల ముక్క అల్లి, ఉతికి, పరిచి ఆరబెట్టి, అప్పుడు కొలవాలి. 8 నంబరు సూదులతో అంగుళానికి ఆరు కుట్లు రావాలి. రాకపోతే పోగులు గాని సూదులు గాని మార్చుకోవాలి.

54 కుట్లు ఎక్కించి, అంచుకు నాలుగు వరసలూ నిట్ వేయాలి. సాగే పట్టీ వద్దు. తరువాత ఎనిమిది వరసల నమూనా. 1, 5 వరసలు నిట్. సరి వరసలన్నీ పర్ల్. 3వ వరసలో ఒక నిట్. తరువాత "రెండు నిట్, దారం ముందుకు తెచ్చి సూది మీదుగా వేసి, రెండు కుట్లు కలిపి ఒక నిట్" అని 13 సార్లు. చివర ఒక నిట్. 7వ వరసలో కూడా మొదట, చివర ఒక్కో నిట్. నడుమ దారం వేసి రెండు కలిపి ఒకటి, ఆపైన రెండు నిట్ - ఇలా 13 సార్లు. దారంతో ఒక కుట్టు పెరుగుతుంది, కలపడంతో ఒకటి తగ్గుతుంది. లెక్క 54 చెదరదు. చిల్లు పెసరగింజంత వుంటే చాలు, పాప వేలు దూరకూడదు.

అయిదంగుళాలు అయ్యాక చంకలకు రెండు పక్కలా నాలుగేసి కుట్లు ముగించాలి, 46 మిగులుతాయి. ఇంకో మూడంగుళాలు అల్లి, నడుమ 22 ముగించి, అటు 12, ఇటు 12 కుట్లతో ఒక్కో అంగుళం భుజాలు అల్లాలి. ఇలాంటివి రెండు ముక్కలు. పక్కలు కుట్టి, భుజాల మీద పొట్టి నూలుతాళ్లు పెడితే తలమీదుగా లాగే పని వుండదు. ఉతికాక దండెం మీద వేయకండి, నాలాగ! చాపమీద పరిచి ఆరబెట్టండి.

ఇరవైయొక్కటో నాడు పాప ఆ నూలంగీ వేసుకుని తొట్లెలో పడుకుంది. వచ్చిన అమ్మలక్కలు భుజంతాళ్లు లాగి చూసి నమూనా అడిగారు. "మా చెల్లె అల్లింది" అని అక్కయ్య అందరికీ చెప్పింది. నమూనా తనదని ఒక్కరికీ చెప్పలేదు.

బస్టాండుదాకా సాగనంపడానికి వచ్చి, మిగిలిన నూలుచిలపలు నా సంచీలో పెట్టింది.

"వచ్చే ఎండలకు పోరికి ఏడాది నిండుతది. ఈ అంగి పట్టదు. కొలత ఫోన్‌ల చెప్పరాదు, నువ్వే వచ్చి తీసుకోవాలె" అన్నది.

సరేనన్నాను. ఎండల మాట ఎత్తలేదు.