మన కోలారు వింతలు: ఏది నిజం, ఏది ఫార్వర్డు

నాకొక అలవాటు ఉంది. మారికుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి రైల్లో కూర్చునే చోటు దొరికితే ఫోనులో వికీపీడియా తెరుస్తాను. ఒక పేజీ మొదలుపెట్టి, దాంట్లోని నీలం అక్షరాలు పట్టుకుని ఇంకొక పేజీకి, అక్కడినుంచి మరొక పేజీకి పోతాను. వైట్‌ఫీల్డ్ వచ్చేలోపల ప్రపంచమంతా ఒక చుట్టు అయిపోతుంది. కానీ ఎంత తిరిగినా కడకు మన కోలారు జిల్లాకే వచ్చి చేరతాను. ఇక్కడున్నన్ని వింతలు నాకు ఇంకెక్కడా కనపడలేదు.

నేను చదివింది కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడ. కేజీఎఫ్‌లో పుట్టినవాళ్ళకు ఇదేమీ కొత్త కాదు. తెలుగు అక్షరాలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కన్నడ లిపి వచ్చినవాడికి తెలుగు లిపి అన్నదమ్ముడి మొగం మాదిరి ఉంటుంది. తలకట్టు ఒకటి జాగ్రత్తగా చూసుకుంటే చాలు. అట్ల బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు చూసి చదవడం నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు ఒకే సంగతిని ఇంగ్లీషులో, కన్నడలో, తెలుగులో మూడుసార్లు చూస్తాను. నా పని కూడా అట్లాంటిదే. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరేం చెప్పినా "సరే, చూపించు" అనడమే నా ఉద్యోగం.

పోయిన దసరాకు మా అక్క కొడుకు వచ్చినాడు. పదకొండేళ్ళ పిల్లోడు, పుణేలో పెరుగుతున్నాడు. "మామా, కేజీఎఫ్ నిజంగా ఉందా, సినిమా కోసం కట్టినారా?" అని అడిగినాడు. వాడికి తెలిసిన కేజీఎఫ్ 2018లో వచ్చిన సినిమా, అందులోని నారాచి. నవ్వు వచ్చింది, కొంచెం బాధ కూడా అయ్యింది. వాడి ముత్తాత పని చేసిన ఊరు ఇది. ఆ నాలుగు రోజులూ వాడికి చెప్పిన వింతలే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంటి పిల్లలు అడిగితే మీకూ పనికొస్తాయి.

మొదటిది ఒక గబ్బిలం. దాని పేరులోనే మన ఊరుంది: కోలారు ఆకుముక్కు గబ్బిలం. ముక్కు మీద ఆకు మాదిరి చర్మం మడత ఉంటుంది. ఇది వేరే జాతి అని శాస్త్రవేత్తలు పేరు పెట్టింది 1994లో. మొత్తం ప్రపంచంలో ఇది ఉండేది మన జిల్లా హనుమనహళ్ళి దగ్గర ఒకే ఒక గుహలో. ఇంతకు ముందు ఇంకొక గుహలో కూడా ఉండేదట, ఇప్పుడు అక్కడ లేదు. లెక్కపెడితే కొన్ని వందలు మాత్రమే. మన దేశంలో పులులు 3,000కు పైన ఉన్నాయి, వాటికోసం అంతమంది మాట్లాడతారు. ఈ గబ్బిలం మాత్రం గ్రానైట్ కోసం రాళ్ళు పగలగొట్టిన చోటు పక్కనే, ఒక్క గుహ నమ్ముకుని బతుకుతా ఉంది. కోలారులో పుట్టి పెరిగినవాళ్ళకు కూడా ఇది తెలియదు.

రెండోది పెద్దపల్లి. తెలంగాణ పెద్దపల్లి కాదు, మన పెద్దపల్లి. తెలుగులో వెతికితే ముందు తెలంగాణదే వస్తుంది, మనది కిందెక్కడో దాక్కుని ఉంటుంది. అక్కడి రాళ్ళను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ఏమిటికంటే ఆ రాళ్ళ పట్టీలో నీళ్ళ కింద పొంగిన లావా ఉంది. వేడి లావా చల్లని నీళ్ళు తగలగానే పైపొర గట్టిపడి, దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గడ్డకడుతుంది. అంటే బోరు 1,000 అడుగులు వేసినా నీళ్ళు పడని మన జిల్లా ఒకప్పుడు నీళ్ళ అడుగున ఉండేది. దాదాపు 270 కోట్ల ఏళ్ళ కిందటి మాట. ఆ పాత రాళ్ళ పట్టీలోనే, పలుగురాయి ఈనెల మధ్య, మన బంగారం దొరికింది.

మూడోది పేరు గురించి. బంగారపేట అంటే బంగారం దొరికే చోటు దగ్గరున్న పేట అని అందరం అనుకుంటాము. పాత రైల్వే కాగితాల్లో దాని పేరు బౌరింగ్‌పేట. మైసూరు కమిషనర్‌గా ఉన్న లెవిన్ బౌరింగ్ అనే దొర పేరు మీద పెట్టింది. తర్వాత దొర పోయినాడు, బంగారం నిలిచింది. దానికి దగ్గర్లోనే బూదికోట. హైదరాలీ పుట్టిన ఊరు అది. ఆయన తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారులోనే ఉంది.

నాలుగోది కోలారమ్మ గుడిలోని చేళమ్మ. తేళ్ళ దేవత. మొక్కుకుంటే తేలు కుట్టదని నమ్మకం. చిన్నప్పుడు నాకు ఆ పేరు అర్థమయ్యింది కన్నడ వల్ల. తెలుగులో తేలు, కన్నడలో చేళు. మాట ఒకటే, మొదటి అక్షరం మారింది. మన ఇళ్ళల్లో కొందరు తేలమ్మ అనడానికి కారణం కూడా అదే. గుడిలో నేలలో తొలిచిన పాత హుండీ ఒకటి ఉంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ తెరవలేదని చెప్తారు. ఇది టెస్ట్ చేసేది కాదు. నమ్మకం కిందనే రాసుకున్నాను.

ఇక ఫార్వర్డుల సంగతి. మన కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఏడాదికి నాలుగుసార్లు ఒక మెసేజీ తిరుగుతుంది: "భారతదేశంలో మొట్టమొదట కరెంటు వచ్చిన ఊరు కేజీఎఫ్, ఆసియాలో టోక్యో తర్వాత మనమే." పోయినసారి మా చిన్నాయన పెట్టినారు. ఆయన మీద గౌరవం ఉంచుకునే అడిగినాను, "చిన్నాయనా, తేదీలు చూద్దామా?" అని. డార్జిలింగ్‌లో నీటి కరెంటు 1897లోనే వచ్చింది. కలకత్తాలో 1899లో. మనకు వచ్చింది 1902లో. కాబట్టి మొట్టమొదటి ఊరు మనం కాదు.

ఆయనకు కొంచెం కష్టమనిపించింది. అప్పుడు అసలు వింత చెప్పినాను. శివనసముద్రం దగ్గర కావేరి నీళ్ళతో కరెంటు పుట్టించి, అక్కడినుంచి కేజీఎఫ్ దాకా దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగినారు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అంత దూరం పోయే లైన్లు బాగా తక్కువ. మైసూరు దివాను శేషాద్రి అయ్యర్, ఇంజనీరు జోలీ ద లాట్‌బినియర్ పూనుకుని చేసిన పని. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని లాంటి ఊరు లాంతర్లతో ఉన్నప్పుడు, దాన్ని దాటుకుని కరెంటు మన గనికి వచ్చింది. ఊరికి వెలుగు కోసం కాదు, గనిలో యంత్రాలు తిప్పడానికి. "ఇదే బాగుంది కదరా" అన్నారు చిన్నాయన. నేను అనేది కూడా అదే. అబద్ధపు గొప్ప ఎవరైనా ఒక తేదీ చూపిస్తే పడిపోతుంది. నిజమైనది ఎంత గిచ్చినా నిలుస్తుంది. పిల్లలకు ఇచ్చేటప్పుడు నిలిచేదే ఇవ్వాలి.

కడపటిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, గని లోపలిది. ఛాంపియన్ రీఫ్ గని దాదాపు 3.2 కిలోమీటర్ల లోతు. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. ఆ లోతుకు బంగారం కోసం మాత్రమే కాదు, ఫిజిక్సు కోసం కూడా మనుషులు దిగినారు. ఆకాశం నుంచి ఎప్పుడూ కాస్మిక్ కిరణాలు గాలిలోకి దూసుకొస్తా ఉంటాయి. వాటివల్ల పుట్టే కణాలు మన ఒంట్లోనుంచి కూడా పోతా ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ రాయి వాటిని ఆపేస్తుంది. బొంబాయి టాటా పరిశోధన సంస్థవాళ్ళు మన గనిలో ఒక్కొక్క లోతులో పరికరాలు పెట్టి లెక్కపెట్టినారు. బాగా అడుగున రెండు నెలలు కాచుకున్నా ఒక్క కణమూ పడలేదు.

ఏమీ పడకపోవడమే వాళ్ళకు కావలసింది. ఎందుకంటే న్యూట్రినో అనే కణం ఒకటి ఉంది. దాన్ని రాయి ఆపలేదు, భూమి కూడా ఆపలేదు. మిగతా కణాల గోల లేని చోట కూర్చుంటేనే దాని గుర్తు పట్టుకోవచ్చు. 1965లో ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్ వాళ్ళ జట్టు, జపాన్ ఒసాకావాళ్ళు, ఇంగ్లండ్ డర్హమ్‌వాళ్ళు కలిసి 2.3 కిలోమీటర్ల లోతులో పరికరాలు పెట్టి, పక్కనుంచి అడ్డంగా వచ్చే గీతల కోసం చూసినారు. పై నుంచి నిలువుగా వచ్చేది మామూలు కణం కావచ్చు. అంత రాయిలో అడ్డంగా వచ్చిందంటే న్యూట్రినో పుట్టించిందే. కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టిన న్యూట్రినో గుర్తు అట్ల దొరికింది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకొక జట్టు అదే పని చేస్తా ఉండేది. వాళ్ళకు మొదటి గుర్తు కొన్ని వారాలు ముందే దొరికింది. కానీ ఆగస్టులో మనవాళ్ళ పేపరు రెండు వారాలు ముందు అచ్చయ్యింది. ఎవరు ముందు అంటే రెండు జట్లదీ అని చెప్పడమే న్యాయం.

ఇది చదివిన వారమే మా తాత దగ్గరికి పోయినాను. ఆయనకు ఇప్పుడు ఎనభై ఆరు. గనిలో కేజ్ దగ్గర గంట కొట్టి సైగ చేసే పని చేసినాడు. మనుషులు దిగితే ఒక లెక్క గంటలు, సామాను దిగితే ఇంకొక లెక్క. "తాతా, బొంబాయివాళ్ళు ఎప్పుడైనా సామాను దింపినారా?" అని అడిగినాను. కొంచేపు ఊరకే ఉన్నాడు. తర్వాత చెప్పినాడు: "గాజు గొట్టాలు దింపినాము. ట్యూబులైటు మాదిరి ఉండేవి. గడ్డి చుట్టి పెట్టెల్లో పెట్టి, కేజ్ మెల్లగా దింపమని చెప్పినారు. ఏమిటికని మాకెవరూ చెప్పలేదు. లోపల దీపాలు పెడతారేమో అనుకున్నాము."

నాకు ఒళ్ళు జల్లుమంది. ఆ ప్రయోగంలో వాడిన పరికరాల్లో నియాన్ ఫ్లాష్ ట్యూబులు ఉన్నాయి. నియాన్ వాయువు నింపిన గాజు గొట్టాలు. కణం పోయిన దారిలో మిణుక్కుమంటాయి. ఆయన ఆ పేరు ఎప్పుడూ విన్నవాడు కాదు. నేనేమో ఆయనకు చెప్పకముందే ఆయన నాకు చెప్పినాడు. నా ఉద్యోగంలో ఇంత గట్టి టెస్టు ఫలితం నాకు ఎప్పుడూ రాలేదు.

న్యూట్రినో అంటే ఏమిటో ఆయనకు తెలుగులో చెప్పాల్సి వచ్చింది. సైన్సు నేను చదివింది కన్నడలో, తర్వాత ఇంగ్లీషులో. తెలుగులో మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. కడకు జల్లెడతో చెప్పినాను. "పైనున్న రాయంతా జల్లెడ తాతా. అన్ని కణాలూ పైనే నిలిచిపోతాయి, అది ఒక్కటే కిందకి దిగుతుంది." ఆయన వెంటనే అన్నాడు, "అట్లయితే మేము దింపింది జల్లెడ కింద పెట్టే గిన్నెన్నమాట." 60 ఏళ్ళ తర్వాత తాను చేసిన పని ఏమిటో ఆయనకు తెలిసింది. సంతోషపడినాడా అంటే, అవును. "అప్పుడే చెప్పి ఉంటే ఇంకా మెల్లగా దింపేవాళ్ళం కదా" అని కూడా అన్నాడు.

ఈ మాటలు వికీపీడియాలో పెట్టడానికి కుదరదు. అచ్చయిన మూలం కావాలంటారు, అది సరైన నియమమే. నేనూ నా పనిలో అదే అడుగుతాను. అక్కడ లోతు ఉంటుంది, తేదీ ఉంటుంది, దొరల పేర్లు, శాస్త్రవేత్తల పేర్లు ఉంటాయి. గంట కొట్టినవాడు ఉండడు. గని మూసింది 2001 ఫిబ్రవరి 28న. అప్పటికి చిన్న వయసులో పని చేస్తున్నవాళ్ళు కూడా ఇప్పుడు ముసలివాళ్ళు అవుతున్నారు. ఊరు చుట్టూ ఉన్న సయనైడ్ దిబ్బలు, బంగారం తీసేసిన పొడిరాయి మూడు కోట్ల టన్నులకు పైన, అవి ఎక్కడికీ పోవు. మనుషులే పోతారు.

కాబట్టి మీకొక మాట. మీరు హోసూరులో ఉన్నా, పుణేలో ఉన్నా, అమెరికాలో ఉన్నా, ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోను చేసినప్పుడు వికీపీడియాలో ఒక వింత చదివి దాని గురించి అడగండి. "మీ కాలంలో ఎట్లుండేది?" అని అడిగితే "బాగుండేది" అంటారు, అంతటితో అయిపోతుంది. "ఆ పెట్టెల్లో ఏముండేది?", "కేజ్‌లో ఎంతమంది పట్టేవాళ్ళు?", "లోపల అన్నం ఎక్కడ కూర్చుని తినేవాళ్ళు?" అని అడగండి. చిన్న ప్రశ్నకు పెద్ద జవాబు వస్తుంది. దాన్ని వాళ్ళ మాటలోనే రాసుకోండి. తెలుగు రాయడం రాకపోతే కన్నడ లిపిలో రాయండి, ఇంగ్లీషు అక్షరాల్లోనైనా సరే.

మా తాతకు కుడి చెవి అసలు వినపడదు. ఎడమ పక్కన కూర్చుని గట్టిగా అడగాలి. వచ్చే ఆదివారం మళ్ళీ పోతాను. మనుషులకు ఎన్ని గంటలు, సామానుకు ఎన్ని గంటలు, ఆ లెక్క ఇంకా రాసుకోలేదు.