అప్రూవల్ వచ్చిన కేసు

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. కొన్నాళ్లకు నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రగా చేరాను. తెల్ల రేషన్ కార్డుతో వచ్చినవాళ్ల పేరు నమోదు చేయడం, మంచం మీద ఉండగా ఫొటో తీయించడం, రిపోర్టులన్నీ జతచేసి అప్రూవల్‌కు పంపడం నా పని. కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా వైద్యం ఉచితంగా ఉండేది. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే ఉన్న ఎకరం అమ్ముకోవడమే. గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లలు ఎదురొమ్ము మీద కుట్లతో, నవ్వుకుంటూ ఇంటికి పోవడం చూశాక నాకా పథకం మీద భక్తే పుట్టింది. దాన్ని చులకన చేసేవాళ్లంటే ఇప్పటికీ నాకు మంట.

నా తప్పు కూడా ఆ భక్తిలోంచే వచ్చింది.

ఒకాయన, ఆటో తోలేవాడు, కౌంటర్ దగ్గరికొచ్చి "బీపీ మాత్రలు ఈ కార్డుకి ఇస్తారా సార్?" అనడిగాడు. నేను తలెత్తకుండానే "ఓపీకి కార్డు పనిచేయదప్పా, అడ్మిట్ అయితే చూద్దాం" అన్నాను. రూలు ప్రకారం అది సరైన జవాబే. వాళ్ల మండలంలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉందనీ, అక్కడికి పోయి బీపీ చూపించుకొమ్మనీ చెప్పొచ్చు. చెప్పలేదు. డాక్టరుంటే మందుండదు, మందుంటే డాక్టరుండడు అని నాకే దానిమీద చిన్నచూపు.

కొన్నేళ్లకు ఆయన మళ్లీ వచ్చాడు, మొహమంతా ఉబ్బి, ఆయాసంతో. కిడ్నీలు పోయాయి. ఏళ్లతరబడి బీపీని వదిలేసినందుకే అన్నాడు డాక్టరు. డయాలసిస్‌కు అప్రూవల్ వెంటనే వచ్చింది. నేను హుషారుగా పోయి ఆయన భార్యతో "భయపడొద్దక్కా, ఒక్క రూపాయి కట్టే పని లేదు" అన్నాను. ఆమె సంతోషపడలేదు. "మాత్రలు కొనలేకే కదా సార్ నిలిపేసింది" అంది.

పథకం కట్టిన తీరే అది. జబ్బు ముదిరి మంచమెక్కితేనే దాని కంటికి ఆనుతుంది. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చినప్పుడు ఇది మారుతుందనుకున్నా. అప్పట్లో అందులో రెండు భాగాలుండేవి: ఊళ్లలో బీపీ, షుగర్ చూసే వెల్‌నెస్ సెంటర్లు ఒకటి, కుటుంబానికి 5 లక్షల కార్డు ఇంకొకటి. మా బంధువుల్లో ఎవర్నడిగినా కార్డు సంగతే చెబుతారు. 2023 డిసెంబరులో తెలంగాణ తన ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. అంకె పెంచితే పేపర్లో పతాక శీర్షిక. పీహెచ్‌సీలో నర్సు పోస్టు నింపితే ఏ పేపరు రాస్తుంది? పైగా పెంచిన అంకెకు తగ్గ డబ్బు వేళకు రాదు. బకాయిలు పేరుకుంటాయి, ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి, చర్చలు, కొంత విడుదల, మళ్లీ మొదటికే. డబ్బు మొదట అందేది కూడా ఎక్కువ అరవగలిగిన పెద్ద ఆసుపత్రికే. పీహెచ్‌సీ సమ్మె నోటీసు ఇవ్వలేదు కదా.

ఉద్యోగం మానేసినా "ఈ ఆపరేషన్‌కు కార్డు వర్తిస్తుందా?" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. చెబుతాను. చెప్పేముందు ఇంట్లోవాళ్లు బీపీ ఎప్పుడు చూపించుకున్నారని అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు. మా పిన్ని కొడుకైతే "అడిగింది చెప్పన్నా, నువ్వేమన్నా డాక్టరువా" అని పెట్టేశాడు.