పైలట్‌ను ఓడించిన ప్రోగ్రామరు

వదినా, కుక్కరు కట్టేసి వచ్చారుగా? అయితే ఈ కథ వినే వెళ్లండి. మా తమ్ముడు పాత అటారీ కంప్యూటరు ఆటలు మా ల్యాప్‌టాప్‌లో పెట్టిచ్చాడు. వాటిలో హెల్‌క్యాట్ ఏస్ అని ఒకటుంది, 1982 నాటి విమాన యుద్ధం. అదెలా పుట్టిందో వింటే మీకూ ముచ్చటేస్తుంది.

అమెరికాలో బిల్ స్టీలీ, సిడ్ మైయర్ అని ఇద్దరు ఒకే కంపెనీలో ఉద్యోగాలు చేసేవారు. స్టీలీ వైమానిక దళంలో విమానాలు నడిపినవాడు. మైయరేమో ప్రోగ్రాములు రాసుకునే మనిషి. కంపెనీ పని మీద లాస్ వేగస్ వెళ్లినప్పుడు, అక్కడ నాణెం వేసి ఆడే రెడ్ బ్యారన్ ఆట కనబడింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలతో పోరాటం. స్టీలీ ముందు కూర్చుని మంచి స్కోరే తెచ్చాడు. తర్వాత మైయర్ కూర్చుని దాన్ని దాటేశాడు! అదెలాగయ్యా అంటే, నువ్వు ఆడుతున్నంతసేపూ శత్రు విమానాలు ఎప్పుడు ఎటు తిరుగుతున్నాయో చూసి గుర్తుపెట్టుకున్నానన్నాడట. ఇంతకన్నా మంచి ఆట నేనే రాస్తానని కూడా అన్నాడు. నువ్వు రాయి, నేను అమ్ముతానన్నాడు స్టీలీ.

అన్నట్టే మైక్రోప్రోస్ అనే కంపెనీ పెట్టారు. స్టీలీ ఏం చేశాడంటే, కంప్యూటరు దుకాణాలకి ఫోన్ చేసి, గొంతు మార్చి, హెల్‌క్యాట్ ఏస్ ఉందా అని కొనేవాడిలా అడిగేవాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఆ తర్వాత కంపెనీ మనిషిగా తనే అమ్మజూపేవాడు. ఆ చొరవ లేకపోతే ఆ ఆట మైయర్ ఇంట్లోనే ఉండిపోయేది, అంతే.

నాకు మాత్రం మైయర్ పనితనమే అబ్బురం. ఆ రోజుల్లో అటారీ 800లో 48 కేబీ మెమరీ ఉంటే గొప్ప. మనం పొద్దున్నే పంపుకునే శుభోదయం బొమ్మ కూడా అందులో పట్టదు! అంత చోటులోనే పైన ఆకాశం, కింద నేల, మధ్యన ఒక గీత. జాయ్‌స్టిక్ వెనక్కి లాగితే గీత కిందికి జారుతుంది, పక్కకి వంచితే వాలుతుంది. ఆ ఒక్క గీత వాలగానే కుర్చీలో మనమూ ఒరుగుతాం, నిజం! ఇప్పటి ఆటల్లో మబ్బులు, నీడలు, నీళ్లు అన్నీ చూపిస్తారు. అయినా కడుపులో ఆ జలదరింపు నాకు ఈ గీత దగ్గరే ఎక్కువ కలిగింది. కళ్లకు తక్కువ ఇచ్చారు కాబట్టి మనసంతా నడపడం మీదే ఉంటుంది.

1984లో ఇదే మైయర్ ఎఫ్-15 స్ట్రైక్ ఈగిల్ తెచ్చాడు. రాడార్, క్షిపణులు, బాంబులు అన్నీ ఉన్నాయి, పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఇరాక్, లిబియా, వియత్నాం పేర్లతో దాడులుంటాయి. అక్కడే నాకు మనసొప్పలేదు వదినా. అందులో ఒక దాడి 1972లో హనోయ్ మీద. ఎఫ్-15 మొట్టమొదట గాల్లోకి లేచిందే ఆ ఏడాది జూలైలో, అదీ పరీక్షకి! వియత్నాం యుద్ధంలో అది పాల్గొననే లేదు. పిల్లలు ఆడుతూ అదే చరిత్ర అనుకుంటారు కదా? మీ చంటాడు ఆడతానంటే తప్పకుండా పంపండి, ఆ మాట చెప్పే ఆడిస్తాను.