ఎనిమిది స్తంభాల దగ్గర...

శరదృతువు రాగానే అమెరికాలోని వర్జీనియా కొండలు ఎర్రబడతాయి. అక్కడి బ్లాక్స్‌బర్గ్ పట్టణంలో అప్పుడే పండగ... వర్జీనియా టెక్ హోమ్‌కమింగ్! పూర్వ విద్యార్థులంతా వస్తారు. కేడెట్ దళంలో చదివినవాళ్ల సందడి మాత్రం వేరు. మన ఎన్‌సీసీలా వారానికో రెండు పూటల వ్యవహారం కాదది. నాలుగేళ్లూ యూనిఫాంలోనే, కలిసే ఉంటారు. 1872లో కాలేజీతోపాటే పుట్టిన దళమది. 1973లో అమ్మాయిలూ చేరారు.

నెరిసిన తలలతో పాతవాళ్లు లేన్ స్టేడియంలోకి కవాతు చేస్తూ వస్తారు. జట్టు స్కోరు చేస్తే 'స్కిప్పర్' ఫిరంగి ఢామ్మంటుంది. 'మీ ఫిరంగి ఏదీ?' అని వీఎంఐ కేడెట్లు గేలిచేస్తుంటే రోషమొచ్చి, ఇత్తడి పోగేసి మరీ 1963లో పోతపోయించారు. అప్పుడే హత్యకు గురైన కెన్నెడీ ఒకప్పుడు నౌకాదళంలో పడవ సారథి. అందుకే ఆ పేరు.

ఆ సందడికి దూరంగా ఒక చోటుంది. డ్రిల్‌ఫీల్డ్ చివర ఎనిమిది రాతి స్తంభాలు. సోదరభావం, త్యాగం, విధి... ఒక్కోదానికి ఒక్కో పేరు. మొదటి ప్రపంచయుద్ధం నుంచీ ప్రాణాలిచ్చిన ఇక్కడి విద్యార్థుల పేర్లు వాటిపై చెక్కారు. వియత్నాం నాటి బ్యాచ్‌లవాళ్లు ఇప్పుడు డెబ్భై దాటినవాళ్లు. వాళ్లు వెతికే పేర్లు మాత్రం ఇరవైల్లోనే ఆగిపోయిన కుర్రాళ్లవి.