గాజు చర్మం, మన ముఖం

గ్లాస్ స్కిన్ అంటే గాజులా నిగనిగలాడే చర్మం. ఏన్కూరులోని మా ఇళ్లలో ఆడపిల్లల నోట ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఇది. కొరియన్ ధారావాహికలు సెల్‌ఫోన్‌లోకి వచ్చాక ఆ కథానాయికల ముఖంపై ఒక్క మచ్చయినా లేదేమన్న ప్రశ్న అడవి అంచున ఉన్న మా మండలానికీ చేరింది. దాని వెంటే పది మెట్ల సంరక్షణ వచ్చింది: నూనెతో ఒకసారి, నురుగుతో మరోసారి ముఖం కడగడం, మృతకణాలు తొలగించడం, టోనర్, ఎసెన్స్, సీరమ్, తడి మాస్కు, కళ్ల చుట్టూ క్రీము, మాయిశ్చరైజర్, పగలైతే సన్‌స్క్రీన్.

మేము దీనిని ఎగతాళి చేయలేదు. శుభ్రత, సౌందర్యం మన ధర్మం మెచ్చినవే. పిల్లలతో కూర్చుని ఒక్కొక్క మెట్టు దేనికో పరిశీలించాం. నూనెతో కడగడం మేకప్‌ను కరిగించడానికి. మేకప్ లేని ముఖానికి ఆ పని లేదు. టోనర్, ఎసెన్స్ ప్రధానంగా ఇచ్చేది తేమే. దానికి మంచి మాయిశ్చరైజర్ ఒక్కటి చాలు. చివరకు మిగిలినవి మూడు: ఘాటులేని సబ్బు, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్.

వీటిని మా జీవనానికి తగినట్లు అమర్చుకున్నాం. రోజుకు అయిదుసార్లు వుజూ చేసే ముఖానికి నీటి కొరత లేదు. అయితే పదేపదే తడిసి ఆరే చర్మం పొడిబారుతుంది. కనుక ముఖంపై తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాస్తాం. మిరపకాయలు ఏరే రోజుల్లో ఎస్‌పీఎఫ్ 30 గల సన్‌స్క్రీన్ మేలు. రెండు గంటలకోసారి మళ్లీ రాయడం చేలో కుదరదు కాబట్టి ముఖానికి నూలు వస్త్రం చుట్టుకోవడం తప్పనిసరి. చర్మానికి నీరు తగలనివ్వని రకమైతే వుజూకు ముందే కడిగివేయాలి.

అసలు ప్రమాదం ఈ పది మెట్లలో లేదు. మా బంధువుల అమ్మాయికి కుదరబోయిన సంబంధం ‘పిల్ల చామనఛాయ’ అన్న ఒక్క మాటతో తప్పిపోయింది. ఆమె ఒక మందుల దుకాణంలో వైద్యుని చీటీ లేకుండానే ట్యూబు కొని నాలుగు నెలలు రాసింది. మొదట ముఖం తెల్లబడింది, చూసినవారు మెచ్చుకున్నారు. తరువాత చర్మం పలచబడి ఎర్రబారింది. మొటిమలు, బుగ్గలపై వెంట్రుకలు వచ్చాయి. రాయడం మానితే భరించలేని మంట. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్ అని ఖమ్మంలో చర్మవైద్యురాలు చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇటువంటి పూతమందులు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే నిబంధన బిగించింది. కొన్ని తెల్లబరిచే క్రీముల్లో మూత్రపిండాలను దెబ్బతీసే పాదరసం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్చరించింది.

మెరుపు వేరు, తెలుపు వేరు. ఆరోగ్యమున్న చర్మం ఏ రంగులోనైనా మెరుస్తుంది. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండ నుండి కాపాడే కవచం కూడా. మనుషుల రంగుల్లోని వైవిధ్యం దైవ సూచనల్లో ఒకటని ఖుర్ఆన్ రూమ్ సూరాలోని 22వ ఆయత్ బోధిస్తుంది. అటువంటి సూచనను లోపంగా ఎంచే హక్కు పెళ్లిచూపులకు వచ్చినవారికి ఎక్కడిది?

ఆ అమ్మాయి చికిత్సతో నెమ్మదిగా కోలుకుంటోంది. మా కుటుంబ పెద్దలందరం ఒక నిర్ణయం తీసుకున్నాం: ఇకపై మేము ఏ ఇంటికి సంబంధం చూడబోయినా పిల్ల రంగు ప్రస్తావన మా నోట రాదు, మా పిల్ల రంగును అడిగినవారికి ఒక గ్లాసు షర్బత్ ఇచ్చి మర్యాదగా సాగనంపుతాం.