గాలి పట్టిన గిన్నె

విశాఖపట్టణమునకు పశ్చిమమున, సింహాచలపు కొండల చెంత గోపాలపట్నము గలదు. సింహాచలమను పేరుగల రైలు స్టేషను ఈ యూరనే యున్నది. యంత్రములు బాగుచేయు కొట్లు ఈ యూర పెక్కులు. వానినడుమ నొక వడ్రంగి కొట్టున మేమొక వింతను చూచితిమి.

ఆ వడ్రంగి తరిమెనపై నొక కొయ్యగిన్నెను బోర్లించి, గిరగిర తిరుగుచున్న దాని యడుగును ఉలితో చెక్కుచుండెను. గిన్నెకు మేకు లేదు, మర లేదు, జిగురు లేదు. తరిమెన వెనుకనుండి రబ్బరు గొట్ట మొకటి నేలనున్న చిన్న పంపునకు పోవుచుండెను. ఫ్రిజ్జులు బాగుచేయువారు గొట్టములలోని గాలిని తీసివేయుట కుపయోగించు పంపే యది. గిన్నెను పట్టుకొన్న దేదని మేమడుగగా నాతడు నవ్వి, “గాలేనమ్మగారూ! లోపలి గాలి పంపు లాగేసినాక, బయటి గాలే నొక్కి పట్టుకుంటది” అనెను.

వాయువునకు రూపము లేదు, స్పర్శ కలదని తార్కికులు చెప్పుదురు. ఆ స్పర్శ యెంత బరువైనదో మనమెఱుగము. ప్రతి చదరపు సెంటీమీటరుపైనను గాలి సుమారు ఒక కిలో బరువుతో నొక్కుచున్నది. లోపల, వెలుపల సమముగా నొక్కుటచే మనకు తెలియదు. 17వ శతాబ్దమున జర్మనీదేశమున ఆటో ఫాన్ గెరికె యను నతడు రెండు రాగి అర్ధగోళములను చేర్చి, లోని గాలిని తీసివేసి, గుఱ్ఱములచే లాగించినను అవి విడిపోలేదు. ఈ కొట్టులోని వింతయు నట్టిదే. తరిమెన యిరుసు బోలుగా నున్నది. దాని కొనకు రబ్బరు అంచుగల దొప్ప యొకటి బిగించి, దానిపై గిన్నె మూతి నానింతురు.

సాధారణముగా గిన్నె యడుగును బిగించి లోపల తొలుతురు. ఆ బిగించిన చోటు మాత్రము నునుపుగాక మిగిలిపోవును. ఆ యడుగును తీర్చుటకే ఈ పంపు. అయితే దీనికి జాగ్రత్తలు కలవు. కొయ్య రంధ్రములగుండ గాలి లోనికి చొచ్చిన పట్టు సడలును. గోడ మిక్కిలి పలుచనైనచో ఆ యొత్తిడికే గిన్నె పగులును. కరెంటు పోయిన పంపు నిలిచిపోయి, తిరుగుచున్న గిన్నె యెగిరిపడవచ్చును. అందుచే పని ముగియువరకు ఎదుటి మొనను గిన్నెకు ఆనించియే యుంచుదునని యాతడు చెప్పెను.

ఆ వడ్రంగి బంధువు లేటికొప్పాకలో లక్కపని చేయుదురని విని, సెలవునాడు మా వారును మేమును అచ్చటికి బయలుదేరితిమి. అనకాపల్లి, యలమంచిలి దాటి, అడ్డురోడ్డు కడ మరలిన వరాహనది యొడ్డున ఆ యూరు గలదు. మన బాలికలాడుకొను లక్కపిడతల కిది పుట్టినిల్లు. అంకుడు కొయ్యను తరిమెన పట్టి, తిరుగుచుండగనే లక్కకఱ్ఱ నొత్తిన, ఆ రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. పిమ్మట మొగలి రేకుతో మెఱుగు పెట్టుదురు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇచ్చట కొయ్యముక్కను తరిమెన గూటిలోనికి సుత్తితో కొట్టి బిగింతురు. వస్తువు తయారైన పిదప కోసివేయగా, గూటిలోని మొద్దు వ్యర్థమగును. అంకుడు కొయ్య దొరకుట నానాటికి కష్టమగుచున్నదని పనివారు చింతించుచుండిరి. ఒక యిల్లాలు మమ్ములను చాటునకు పిలిచి, “అమ్మా, గోపాలపట్నంలో ఉన్నలాంటి పంపు కొంటానని మా ఆయన నా గొలుసు తాకట్టు పెట్టమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?” అని యడిగెను.

మా వారు కాగితము తీసికొని లెక్క వేసిరి. పంపు గాలిలో నాలుగైదవ వంతులు తీసివేయునని యనుకొందము. 15 సెంటీమీటర్ల మూతిగల గిన్నెను గాలి సుమారు 145 కిలోల బరువుతో పట్టును. 3 సెంటీమీటర్ల పిడతనో, ఆరు కిలోలకు లోపుగానే! వెడల్పు సగమైన పట్టు నాలుగవ వంతగును. ఉలి తాకుడు కంత చిన్న పట్టు నిలువదు. ఆ యింటివారు చేయునవి పిడతలును చిన్న బొమ్మలునే గనుక, పంపు వలన మొద్దు మిగులదు, పని సాగదు. పెద్ద గిన్నెలకు బేరము కుదిరిననాడు కొనవచ్చునని యిరువురకును చెప్పితిమి. ఆమె గొలుసును సవరించుకొని ఊపిరి తీసికొనెను. ఆమె భర్తయు ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొనెను.

క్రొత్త పనిముట్టు వచ్చినదన్న పాతది మూలబడవలెనని లేదు. గూటిపట్టు పిడతకు తగినది, గాలిపట్టు గిన్నెకు తగినది. సోదరీమణులారా, ఇకమీదట కొయ్యగిన్నెను కొనునపుడు దానిని బోర్లించి యడుగు చూడుడు. దానిని పనివాడెట్లు పట్టి చెక్కెనో ఆ యడుగే చెప్పును. ధర తగ్గింపు మని యడుగుటకు ముందు ఆ మాటను వినుట మనకు ఉచితము.